సోలెడు తవుడు

చేతుల నిండా పని ఉన్నంతసేపూ బుల్లమ్మ భయం గట్టు మీదే కూర్చుంటుంది, నీళ్ళలోకి దిగి రాదు. అందుకే గోగునార తీసే రోజులంటే ఆమెకు ఇష్టం. బందలో, ఊరి నీటిగుంటలో, నడుము లోతున నిలబడి, వారాల తరబడి ఊరిన కట్ట విప్పాలి. కాడని మొదలు దగ్గర పుటుక్కుమని విరిచి, లోపలి పుల్లని ఒక్క లాగు లాగితే నార చేతిలో మిగిలిపోతుంది. దాన్ని నీళ్ళ మీద జాడించి, జిగురంతా పోయేదాకా పిండి, గట్టు మీది వెదురు దండేనికి వెయ్యాలి. కుళ్ళిన గోగు కంపు ముక్కుకు అలవాటైపోతుంది గానీ చేతుల్ని మాత్రం వదలదు. కుంకుడు రసంతో రుద్దినా వదలదు.

పక్కన గున్నమ్మ పనిచేస్తోంది. కొడుకు గిరిబాబు పోయిన దగ్గర్నుంచి ఆమె అవసరమైతే తప్ప నోరు విప్పదు. బుల్లమ్మ ఎప్పుడూ ఆమె పక్కనే నిలబడుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

గట్టు మీద బండి ఆగింది. మరిది జగన్నాధం.

"వొదినా! ఓపాలి పైకి రా."

"ఏటి? మా ఈశ్వర్‌కేటయ్యింది?" ఎవరు పిలిచినా బుల్లమ్మ మొదట అడిగే మాట అదే.

"ఈశ్వర్‌కేటీ అవ్వనేదు. మాస్టారు పోనాడు. నతానియేలు మాస్టారు. తెల్లారగట్ల, సికాకుళం ఆస్పత్రిలో. గుండె ఆగిపోనాదంట."

హమ్మయ్య అనిపించింది ముందు. అలా అనిపించినందుకు సిగ్గేసింది. ఆ తరవాత చేతిలోని నార నీళ్ళలోకి జారిపోయింది.

'బుల్లమ్మా, నా కొడుకెలా ఉన్నాడు?'

ఎక్కడ కనబడినా ఆయన పలకరింపు అదే. పాత స్కూటరు ఆపి, హెల్మెట్టు తియ్యకుండానే అడిగేవాడు. ఇప్పుడు ఎవరూ అడగలేదు. అయినా చెవిలో పడింది, ఎండిన గోగు పుల్లలు ఒకదానికొకటి రాసుకున్నట్టు.

గున్నమ్మ పని ఆపి తడి చేతులు రెండూ జోడించింది. దండం ఎటు పెట్టాలో తోచక నీళ్ళకే పెట్టింది. "మా గిరికి మట్టేసిన సెయ్యి" అంది.

గిరిబాబునీ ఇంకో కుర్రాణ్ణీ జంటగా తిరుగుతున్నారని నడివీధిలో నిలబెట్టి ఊరంతా నవ్విన మర్నాడు, చీపురుపల్లి అవతల రైలు పట్టాల పక్కన గిరిబాబు చెప్పులు దొరికాయి. జత చెప్పులు, పక్కపక్కనే, ఎవరింట్లోకో వెళ్ళినవాడు గడప ముందు విడిచినట్టు. వాటిని బుల్లమ్మ చూసింది. ఆ శవానికి మట్టెయ్యడానికి చుట్టాల్లో ఒక్కరూ రాలేదు. మాస్టారు వచ్చాడు. వారమంతా ఎచ్చెర్ల యూనివర్సిటీలో పాఠాలు, ఆదివారం ఊరి చర్చిలో ప్రసంగం, అదీ ఆయన బతుకు. ఆ ఆదివారం మైకు ముందు నిలబడి, "ఆ బిడ్డని రైలు చంపలేదు, మనం నవ్విన నవ్వు చంపింది" అన్నాడు. పై ఆదివారానికి మైకు ఆయన చేతిలో లేదు. మైకు లేకపోతే పేపర్లకు రాశాడు. అలాంటి పిల్లల్ని పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టారని తెలిస్తే ఎంత దూరమైనా స్కూటరు మీద వెళ్ళి విడిపించుకొచ్చాడు. చివరికి చర్చి సంఘం ఆయన్ని వెలివేసింది.

"ఈశ్వర్ని రావొద్దని సెప్పు వొదినా," అన్నాడు జగన్నాధం. "ఆయన కోసం ఎవులెవులు వస్తారో సూద్దామని ఊరంతా కాసుకోనున్నాది. సీపురుపిల్లి సంబంధం ఇంకా మాటల్లోనే ఉన్నాది. ఆల్ల సెవిన ఓ మాట పడితే సాలు."

"మా గుంటడికీ ఆయనకీ ఏటి?"

జగన్నాధం బండి స్టార్టు చేస్తూ నీళ్ళకేసి చూశాడు. "నాకేటి తెల్సు?" అన్నాడు. తెలుసన్నమాట.

అప్పుడు దిగింది భయం నీళ్ళలోకి. దిగి, మెల్లగా వచ్చి ఆమె పక్కన నిలబడింది.

*

ఈశ్వర్ విజయనగరంలో రక్తపరీక్షలు చేసే లేబ్‌లో పనిచేస్తాడు. తల్లి ఫోను చేసేసరికే వాడికి కబురు తెలిసిపోయింది.

"మాస్టారింటి అమ్మగారు సెప్పారమా. రేపు మధ్యాన్నమే కదా మట్టి? పొద్దున్నే బయల్దేరతాను."

"రాకు."

"ఏటి?"

"రాకు నాయినా. మొన్నే కదా సెలవెట్టినావు. ఇక్కడ మంచి మాటల్లేవు. నువ్వొచ్చి సేసేదేటి?"

"నాకు ఫీజు కట్టినాయనమా. నాకు..." వెనక ఇంకో గొంతు మెల్లగా ఏదో అంది. ఆ గొంతు ఎవరిదో బుల్లమ్మకు తెలుసు.

ఒకే ఒక్కసారి విన్నదా గొంతు. గుమ్మడికాయ పులుసు గిన్నె పట్టుకుని చెప్పకుండా కొడుకు గదికి వెళ్ళినప్పుడు, పృథ్వీరాజ్ అనే ఆ అబ్బాయి కంగారుగా లేచి, "కూర్చోండమ్మా, టీ పెడతాను" అన్నాడు. గదిలో ఒకే మంచం, రెండు తలగడలు, ఒకే దోమతెర. గోడకి ఒక్క అద్దం, దాని కింద రెండు దువ్వెనలు. బుల్లమ్మ కూర్చోలేదు. బస్సు టైమైపోయిందని చెప్పి గిన్నె అక్కడే వదిలి వచ్చేసింది. ఆ గిన్నె సంగతి కొడుకూ ఎత్తలేదు, తల్లీ అడగలేదు.

"నువ్వొస్తే నా మీద ఒట్టే" అంది.

వాడు "సరేమా" అని పెట్టేశాడు.

ఒట్టు వేశాక నిమ్మళంగా ఉండాలి. ఉండలేదు. చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. పొయ్యి మీద అన్నం అడుగంటింది. పశువుల సాలలో ఆవు కుడితి కోసం అరిచింది. తవుడు గోనె మూతి విప్పి, సోలతో తియ్యబోయి, బుల్లమ్మ అక్కడే చతికిలబడిపోయింది.

తవుడు.

ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక పుట్టినవాడు ఈశ్వర్. వీణ్ణి కూడా తీసుకుపోకుండా ఉండాలంటే అమ్మెయ్యాలంది అత్త. అలాంటి బిడ్డల్ని తవుడుకి అమ్మడం ఈ వైపు ఉన్నదే. అమ్మేసిన బిడ్డని, మనది కాదు కదా అని మృత్యువు చూసీ చూడనట్టు పోతుందని నమ్మకం. అత్త బిడ్డని చేటలో పడుకోబెట్టి వీధి అరుగు మీద కూర్చుంది. మొదట వచ్చినవాడికే బేరం. స్కూటరు మీద మాస్టారు వచ్చాడు, అప్పటికి కుర్ర లెక్చరరు.

"కిరస్తానం బాబు కదా, మీ దేవుడు కోప్పడతాడేటో" అని అత్త సందేహిస్తే, "బిడ్డ బతుకుతాడంటే ఆయన కూడా సోలెడు తవుడు తెస్తాడు మామ్మా" అని నవ్వి, ఇంటికెళ్ళి తమ గేదె తవుడు సోలెడు పట్టుకొచ్చి బుల్లమ్మ ఒడిలో పోశాడు. అత్త చెప్పించిన మాట చెప్పాడు. 'బిడ్డ నాది, పెంపకం నీది.' అందుకే వాడు తవిటేశ్వరరావు. కాలేజీకి వెళ్ళాక ఆ తవుడు కాస్తా దులుపుకుని ఈశ్వర్ అయ్యాడు.

అత్త పోతూ పోతూ కూడా ఒక మాట చెప్పింది. 'గుంటడికి పెళ్ళీడొచ్చేసరికి తవుడు తిరిగిచ్చేసి ఇడిపించుకోవాలే. మర్సిపోకు.'

మర్చిపోయింది. మాస్టారికి పిల్లలు పుట్టలేదు. 'నా కొడుకెలా ఉన్నాడు' అని అడిగినప్పుడల్లా ఆ ముఖం చూస్తే, తవుడు ఇచ్చేస్తానని చెప్పబుద్ధి కాలేదు. బేరం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు కొనుక్కున్నవాడు వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేవాడు తన సొత్తుని ఇక్కడ వదిలిపోతాడా?

దూరంగా చీపురుపల్లి వైపు రైలు కూత పెట్టింది. బుల్లమ్మ కళ్ళ ముందు జత చెప్పులు కనబడ్డాయి. ఈసారి అవి గిరిబాబువి కావు.

లేచి, సోల నిండా తవుడు కొలిచి, పైన చేత్తో రాసి చదును చేసి, మూట కట్టి దేవుడి గూట్లో పెట్టింది. మాస్టారి శవపెట్టె మూసేలోగా ఇచ్చెయ్యాలి. ఇచ్చేసి బిడ్డని విడిపించుకోవాలి.

*

మాస్టారి ఇంటి వాకిట్లో షామియానా కింద కుర్చీలు వేశారు గానీ చాలా వరకు ఖాళీగానే ఉన్నాయి. పొద్దున్నే ఎచ్చెర్ల నుంచి కొందరు విద్యార్థులు దండ తెచ్చి వేసి, పరీక్షలున్నాయని వెళ్ళిపోయారట. ఊరివాళ్ళు మాత్రం వచ్చారు, లోపలికి కాదు. ఎదురింటి గోడవార నీడలో, ఎటైనా నడిచిపోవడానికి వీలుగా నిలబడ్డారు. వాళ్ళలో జగన్నాధం ఉన్నాడు. చూరు కింద స్కూటరు మీద తువ్వాలు ఆరేసి ఉంది. అది మాస్టారిదే, ఆస్పత్రికి వెళ్ళే ముందు ఆయనే ఆరేసుకున్నట్టుంది.

బుల్లమ్మ తవుడు మూటని చెంగు కింద దాచుకుని ఐసుపెట్టె దగ్గరకు వెళ్ళింది. పెట్టె గుయ్యిమంటోంది. అద్దం లోపల మాస్టారు కళ్ళజోడు లేకుండా పడుకున్నాడు. జోడు లేని ఆ ముఖం ఎవరో కొత్త మనిషిదిలా ఉంది. కాళ్ళ వైపు మూట పెట్టాలి. 'ఇదుగో నీ తవుడు, నా బిడ్డని నాకిచ్చెయ్' అనాలి. అంతే మాట.

అద్దం మీద చెయ్యి వేసింది. గోగు కంపు గుప్పుమంది. ఆయన ఎన్నడూ ఆ కంపుకి ముక్కు మూసుకోలేదు. ఒకసారి ఇదే వాకిట్లో జిలేబీ పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. సుప్రీంకోర్టులో ఏదో తీర్పు వచ్చిందని ఊరంతా పంచిపెట్టాడు. ఏమి తీర్పో తెలియక అందరూ తిన్నారు. బుల్లమ్మా తింది. ఇద్దరు మగపిల్లలు అలా కలిసి బతకడం నేరం కాదన్న తీర్పుకి ఆ జిలేబీ అని, కొడుకు గది చూసొచ్చాకే తెలిసింది. తెలిసి, ఈ మెట్ల మీదే కూలబడి ఏడిస్తే, ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తరవాత అన్నాడు:

"బిడ్డ బతకాలనే కదా బుల్లమ్మా ఆవేళ నాకమ్మావు? బతికున్నాడు. ఇంకేం కావాలి మనకి?"

ఆమె మూట ముడి మీద వేళ్ళు బిగించింది.

"అమ్మగారూ, టైమైపోతన్నాది" అంటూ సంఘపెద్ద దానియేలు వాకిట్లోకి వచ్చాడు. తెల్లచొక్కా, చంకలో బైబిలు. మాస్టారి భార్య సుగుణమ్మగారు కుర్చీలోంచి లేవలేదు. "జాగా ఇస్తాం. వెనక గోడవార. గంట కొట్టం. వెలిలో ఉన్న మనిషిని సంఘస్తులు మొయ్యరు, అది మీకూ తెల్సిందే. కుటుంబమే మోసుకోవాలి. బయటి కుర్రగాళ్ళని, ముఖ్యంగా ఆయన యెనకాల తిరిగినోల్లని, గేటు దాటనియ్యం."

"మా తమ్ముడున్నాడు," అన్నారు సుగుణమ్మగారు. "గంగులున్నాడు."

గంగులు వాళ్ళింటికి చేపలు తెచ్చే మనిషి. సైకిలు గోడకి ఆనించి, మాసిన బనీనుతో నిలబడి ఉన్నాడు.

"గంగులేటి కుటుంబం?"

"ముప్పై ఏళ్ళు ఈ ఇంటి అన్నం తిన్నాను బాబూ. కాదంటే కక్కీమంటావేటి?" అన్నాడు గంగులు.

దానియేలు విసుక్కున్నాడు. "సరే, ఇద్దరు. పెట్టెకి నాలుగు భుజాలు కావాలి. కొడుకులా, అల్లుళ్ళా? ఇంకెవులున్నారు?"

సుగుణమ్మగారు తల తిప్పి బుల్లమ్మను చూశారు. ఒక్క క్షణం. వెంటనే చూపు తిప్పేసుకుని ఒళ్ళో చేతి రుమాలు మడత పెట్టడం మొదలుపెట్టారు. మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. ఆవిడకి ఆ బేరం తెలుసు. ఆ సోలెడు తవుడు కొలిచి ఇచ్చింది ఆవిడే. అడగొచ్చు. అడగలేదు. బుల్లమ్మ భయం ఎంతటిదో తెలిసిన మనిషి, అడగకుండా వదిలేస్తోంది.

వీధిలోంచి గున్నమ్మ వచ్చింది. బందలోంచి నేరుగా వచ్చినట్టుంది, చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. "నాను మోస్తాను" అంది.

"ఆడోల్లు మొయ్యకూడదు."

"మా గిరిని ఈయన మోసినాడు."

"మొయ్యకూడదన్నాను కదమ్మా!"

గోడవార ఎవరో కిసుక్కుమన్నారు. చిన్న నవ్వే. ఆ నవ్వు బుల్లమ్మ ఎరుగును. గిరిబాబుని నిలబెట్టిన రోజు వీధిలో విన్నది అదే. ఆ గుంపులో ఆమె కూడా ఉంది. నవ్వలేదు, కానీ అక్కడినుంచి కదలనూ లేదు.

"ఆయనకి కొడుకున్నాడు" అంది బుల్లమ్మ.

గొంతు తనదేనా అనిపించింది. జగన్నాధం గోడ దగ్గరనుంచి రెండడుగులు ముందుకొచ్చాడు. "వొదినా!"

"మా ఈశ్వర్ ఆయన కొడుకు. సోలెడు తవుడుకి కొనుక్కున్నాడు. మా అత్త సేటలో ఎట్టి అమ్మినాది. నాను ఇంతవరకూ తవుడు తిరిగియ్యనేదు. బేరం బేరంలాగే ఉన్నాది. బిడ్డ ఆయనదే."

"అవి మీ ఆచారాలమ్మా," అన్నాడు దానియేలు. "సంఘానికి సంబంధం లేదు."

షామియానా మూలనుంచి పెద్ద నవ్వు వినబడింది. పళ్ళు లేని నవ్వు. చర్చి అంతటికీ పెద్దది తాతమ్మ, కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది.

"ఓర్నీ, సంబంధం నేదేట్రా? బాప్తీసం ముందు నీ పేరేటి?"

దానియేలు చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"సెప్పవేం? తవిటిగా అని పిలిస్తే పరిగెత్తుకొచ్చేవోడివి కాదా? మీయమ్మ నిన్ను నాకే కదరా అమ్మినాది! తవుడు తిరిగిచ్చీలోపు మా ఇంట్లో సావొస్తే నువ్వే మొయ్యాలని, మా మావ పోనప్పుడు పాడె యెనకాల నడిపించింది కాదేటి నిన్ను? సంకలో పుస్తకమెట్టుకుంటే తవుడు రాలిపోతాదేట్రా?"

ఈసారి గోడవార నవ్వు వేరే రకంగా వచ్చింది. గంగులు పైకే నవ్వేశాడు. దానియేలు మెడ దగ్గర ఎర్రబడింది. బైబిలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "బేగి తెమల్చండి" అని గేటు దాటి వెళ్ళి, వీధిలో అటు తిరిగి నిలబడ్డాడు.

బుల్లమ్మ ఫోను తీసింది. ఒకసారి ఎవరికో పోయింది. రెండోసారి కలిసింది.

"ఒరే. ఒట్టు తీసి గట్టున పెట్టీ. రా."

"అమా? ఏటయ్యింది?"

"కొడుకు మొయ్యాలంట. బేగి రా." ఊపిరి పీల్చుకుంది. వీధి అంతా వింటోంది. జగన్నాధం ఆమెకేసే చూస్తూ తల అడ్డంగా ఆడిస్తున్నాడు. "ఇంకో భుజం తక్కువుంది. నీతోటి ఉంటాడు కదా... పృథ్వీ. ఆ బాబునీ తీసుకురా."

ఫోనులో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"మెల్లగా రండి" అంది. "లారీలుంటాయి రోడ్డు మీద."

*

వచ్చేసరికి ఎండ వాలింది. పృథ్వీరాజ్ ఈశ్వర్ కంటే పొట్టి. పెట్టె ఎత్తగానే ఆ మూల కిందికి వాలింది. ఈశ్వర్ పెట్టె దింపించి, స్కూటరు మీది తువ్వాలు అందుకుని, నాలుగు మడతలు పెట్టి, అతని భుజం మీద వేసి, చేత్తో ఒకసారి అదిమి సరిచేశాడు. ఎన్నో ఏళ్ళుగా సరిచేస్తున్న చేతిలా ఉంది అది. బుల్లమ్మ చూసింది. తను చూడటమే కాదు, ఊరు చూడటాన్నీ చూసింది. జగన్నాధం బండి స్టార్టు చేసి వెళ్ళిపోయాడు. చీపురుపల్లి సంబంధం కూడా ఆ బండి వెనకే వెళ్ళిపోయింది.

గంట మోగలేదు. గున్నమ్మ ఎవరినీ అడక్కుండా పెట్టె ముందు నడిచింది. తాతమ్మ కర్ర పొడుచుకుంటూ వెనక నడిచింది.

సమాధుల తోట గేటు దగ్గర మోసేవాళ్ళు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. దానియేలు గేటు పక్కనే నిలబడి ఉన్నాడు. పృథ్వీరాజ్ దగ్గరికి వచ్చేసరికి నోరు తెరిచాడు. తాతమ్మ దగ్గింది. అతను నోరు మూసుకుని పక్కకి జరిగాడు.

బుల్లమ్మ లోపలికి వెళ్ళలేకపోయింది. గేటు ముందు చెప్పులున్నాయి. మనుషుల్లేని చెప్పులు. వాటిలో ఈశ్వర్‌వి ఒక జత, పక్కనే ఆ అబ్బాయివి ఇంకో జత, ముందువైపులు లోపలికి తిరిగి ఉన్నాయి. రైలు కూత ఎక్కడా వినబడలేదు. అయినా ఆమెకు చెవులు గింగురుమన్నాయి. వంగి, ముందు ఒక జత తీసుకుంది. రెండో జత దగ్గర చెయ్యి ఆగింది. తరవాత అదీ తీసుకుంది. రెండు జతల్నీ గుండెకి ఆనించుకుని, తుమ్మచెట్టు పక్కన నిలబడింది. లోపల మట్టి పడుతున్న చప్పుడు వినబడుతోంది. పెట్టె మీద పడినప్పుడు ఒక రకంగా, తరవాత మట్టి మీద మట్టి పడినప్పుడు ఇంకో రకంగా.

సుగుణమ్మగారు తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికొచ్చారు. బుల్లమ్మ చేతుల్లోని చెప్పుల్ని చూశారు. చెంగు కింద ఉబ్బుగా ఉన్న మూటని చూశారు.

"తవుడా?" అన్నారు.

"అవునమ్మా."

"ఇచ్చేద్దామని తెచ్చావా?"

"తెచ్చాను."

సుగుణమ్మగారు చెయ్యి చాపలేదు. వద్దనీ అనలేదు.

"ఇయ్యనమ్మా," అంది బుల్లమ్మ. "భయంగానే ఉన్నాది. కానీ ఇయ్యను."

లోపలినుంచి ఇద్దరూ వస్తున్నారు. మోచేతుల దాకా మట్టి. పక్కపక్కనే నడుస్తున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంతో. గేటు దగ్గర ఆగి, చెప్పుల కోసం కింద వెతుక్కున్నారు. ఈశ్వర్ తలెత్తి తల్లిని చూశాడు.

బుల్లమ్మ వంగి, రెండు జతలూ వాళ్ళ కాళ్ళ ముందు పెట్టింది.

"తొడుక్కోండి," అంది. "ముళ్ళున్నాయి. ఇంటికొచ్చి అన్నం తిని ఎల్దురు గాని."